తొర్రెయోన్: సరస్సు పేరు మోస్తున్న ఎడారి నగరం

ఉత్తర మెక్సికోలో, కొయావీలా రాష్ట్రం నైరుతి మూలన తొర్రెయోన్ అనే నగరం ఉంది. చుట్టూ చివావా ఎడారి. ఏడాది మొత్తం మీద కురిసే వాన 200 నుంచి 250 మిల్లీమీటర్లు. కరువుకు మారుపేరైన మన అనంతపురంలో కురిసేదాంట్లో సగం కూడా ఉండదు. అలాంటి చోటును అక్కడి జనం ‘లా లగూనా’ అని పిలుచుకుంటారు. స్పానిష్‌లో ఆ మాటకు సరస్సు అని అర్థం. ఊరి ఫుట్‌బాల్ జట్టు పేరు సాంతోస్ లగూనా. మెక్సికోలో ఏ ఊళ్లోనైనా దొరికే ‘లాలా’ పాల పేరు కూడా లా లగూనా నుంచి పుట్టిందే. సరస్సు మాత్రం ఎంత వెతికినా కనబడదు.

ఈ ఊరికి వచ్చేవాళ్లకు చూపించే స్థలాల జాబితా తీసుకుంటే అందులో కొండ మీద క్రీస్తు విగ్రహం ఉంటుంది, నేల కింద ఇటుకల సొరంగం ఉంటుంది, అరబ్బుల మహల్‌ను తలపించే థియేటర్ ఉంటుంది. ఊరు దాటితే ఇసుక దిబ్బలు, లోయ మీద వేలాడే వంతెన, రేడియోలు మూగబోతాయని చెప్పే ‘నిశ్శబ్ద మండలం’. ఒకదానికొకటి పొంతన లేనట్టే ఉంటాయి. కానీ వీటిలో చాలావాటిని కలిపే దారం ఒకటుంది. అది నీళ్లు. నీళ్లు ఒకప్పుడు ఎటు పారాయి, ఎవరు మళ్లించారు, ఎందుకు ఆగిపోయాయి అన్నది తెలిస్తే ఈ జాబితా అంతా ఒక కథలా అర్థమవుతుంది. తెలియకుండా వెళ్తే నాలుగు ఫొటోలతో తిరిగి రావాల్సిందే.

సముద్రం చేరని నది

పడమట దురాంగో రాష్ట్రంలోని సియెర్రా మాద్రె కొండల్లో నాసాస్ అనే నది పుడుతుంది. తూర్పుకు పారుతుంది గానీ సముద్రం దాకా పోదు. కొండల మధ్య పళ్లెంలా ఉన్న ఎడారి మైదానంలోకి దిగి, అక్కడే మైరాన్ అనే సరస్సులో కలిసిపోయేది. దక్షిణం నుంచి వచ్చే అగ్వనవాల్ నది కూడా ఇలాగే వియెస్కా దగ్గర మరో సరస్సులో ముగిసేది. వానాకాలంలో కొండల్లో కురిసిన నీళ్లన్నీ ఈ మైదానానికి చేరి, లోతు తక్కువ సరస్సులుగా పరుచుకునేవి. ‘లా లగూనా’ అన్న పేరు వాటివల్ల వచ్చింది.

స్పానిష్‌వాళ్లు రాకముందు ఈ సరస్సుల చుట్టూ వేట, చేపలు ఆధారంగా బతికిన జనం ఉండేవారు. వాళ్ల గురించి తెలుసుకోవాలంటే తొర్రెయోన్‌లోని లా లగూనా ప్రాంతీయ మ్యూజియానికి వెళ్లాలి. 1976లో తెరిచిన ఈ మ్యూజియంలో కాందెలారియా గుహలో దొరికిన వస్తువులున్నాయి. 1950లలో పరిశోధకులు తవ్విన ఆ గుహ ఒక శ్మశానం. చనిపోయినవాళ్లను బట్టల్లో మూటగా చుట్టి అక్కడ ఉంచేవారు. ఎడారి మొక్కల నారతో నేసిన ఆ బట్టలు పొడి గాలివల్ల వందల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచాయి. పెద్ద హడావుడి లేని మ్యూజియం ఇది, చాలామంది దాటుకుని పోతారు. నా మాట వింటే ముందు ఇక్కడికే వెళ్లండి.

19వ శతాబ్దంలో భూస్వాములు ఈ నది విలువ పసిగట్టారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చే వరదను కాలువల గుండా పొలాల్లోకి మళ్లించి నేలను బాగా నానబెట్టేవారు. నది వెంట తెచ్చిన ఒండ్రు పొలంలో మిగిలిపోయేది. ఆ తేమ మీదే వసంతంలో పత్తి విత్తేవారు. జనం నదిని ‘తండ్రి నాసాస్’ అనేవారు, ఇప్పటికీ అంటారు. ఆ రోజుల్లో ఒక రాంచులో, అంటే పశువులు, పొలాలు ఉండే వ్యవసాయ క్షేత్రంలో, కట్టిన బురుజు పేరే ఊరికి స్థిరపడింది. స్పానిష్‌లో ‘తొర్రెయోన్’ అంటే పెద్ద బురుజు.

నీళ్లున్న చోట తగువు తప్పదు. ఎగువన ఉన్న ‘త్లావలీలో’ అనే వ్యవసాయ కంపెనీ ఎక్కువ నీళ్లు తోడుకుంటోందని దిగువ రైతులు, మాకూ హక్కుందని కంపెనీ దశాబ్దాల పాటు కొట్లాడుకున్నారు. కృష్ణా నీళ్ల పంచాయితీ చూసినవాళ్లకు ఈ తీరు కొత్త కాదు. నదుల మీద కేంద్ర ప్రభుత్వానికి అధికారం ఇచ్చిన 1888 నాటి చట్టం వెనుక ఈ తగువు కూడా ఉంది. ఈ దిగువ భూస్వాముల్లో ఒకాయన 1907లో నాసాస్ మీద ఫెర్నాందెస్ లోయలో డ్యామ్ కట్టాలంటూ ఒక అధ్యయనం రాశాడు. ఆయన పేరు ఫ్రాన్సిస్కో మదేరో. మరో నాలుగేళ్లకు మెక్సికన్ విప్లవానికి నాయకుడై దేశాధ్యక్షుడయ్యాడు.

పత్తి కట్టిన ఊరు

మెక్సికో సిటీ నుంచి అమెరికా సరిహద్దుకు వెళ్లే రైలు మార్గం 1883లో ఇక్కడికి చేరింది. 1888లో ఇంకో లైన్ వచ్చి కలిసింది. రెండు లైన్లు కలిసే చోట పత్తి పండుతుంటే ఇక ఆగేదేముంది? రాంచు కాస్తా 1893లో పట్టణం, 1907లో నగరం అయింది. వీధుల ప్లాన్ గీసింది ఫెదెరీకో వుల్ఫ్ అనే ఇంజనీరు. కొండవాలులో ఆయన కట్టుకున్న ఇల్లు ‘కాసా దెల్ సెర్రో’ ఇప్పుడు మ్యూజియం.

ఈ కాలం నాటి గుర్తుల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది కెనాల్ దె లా పేర్లా. ఊరి నడిబొడ్డున, రోడ్ల కింద ఉన్న ఇటుకల కాలువ ఇది. లా పేర్లా అనే ఎస్టేట్ పొలాలకు నది నీళ్లు చేర్చడానికి 19వ శతాబ్దం చివర్లో కట్టారు. ఊరు పెరిగి కాలువ మీదికి వచ్చేసింది. పైన రోడ్డు వేశారు, ఇళ్లు కట్టారు. నీళ్లు రావడం ఆగాక దాన్ని జనం పూర్తిగా మర్చిపోయారు. 2003లో మళ్లీ బయటపడింది. శుభ్రం చేసి, దీపాలు పెట్టి 2014లో జనానికి తెరిచారు. ఇప్పుడు ఎడారి ఎండలోంచి మెట్లు దిగి లోపలికి వెళ్తే కమాను కప్పు కింద చల్లగా నడవొచ్చు. బొమ్మల ప్రదర్శనలు, చిన్న చిన్న కచేరీలు పెడుతుంటారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇది అలంకారం కోసం కట్టింది కాదు, పంట కాలువ. ఈ ఊరు పొలాల మీద లేచిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏ మ్యూజియంలోనూ దొరకదు.

అరోసేనా మ్యూజియం పత్తి డబ్బు ఎంత దూరం వెళ్లిందో చూపిస్తుంది. స్పెయిన్ నుంచి వచ్చి పత్తితో సంపన్నులైన కుటుంబం సేకరించిన చిత్రాలు, శిల్పాలు, వస్తువులు ఇందులో ఉన్నాయి. 2006లో మొదలైంది. భవనం మాత్రం 1910 నాటిది, అప్పట్లో ఊరి పెద్దల క్లబ్బు. ఇసౌరో మర్తీనెస్ థియేటర్ 1930లో తెరుచుకుంది. లోపలి గోడలు, పైకప్పు అంతా స్పెయిన్ చిత్రకారుడు సల్వదోర్ తరసోనా చేతి పని. అందులో ఏ కార్యక్రమం ఉన్నా టికెట్ కొనుక్కుని వెళ్లండి, నాటకం అర్థం కాకపోయినా పైకప్పు చూడటానికే ఆ డబ్బు సరిపోతుంది.

ఈ సంపద కథలో రక్తపు పేజీ కూడా ఉంది. రైలు పనులతో, ఆ తర్వాత వ్యాపారాలతో వందలమంది చైనీయులు తొర్రెయోన్‌కు వచ్చి స్థిరపడ్డారు. దుకాణాలు, లాండ్రీలు, హోటళ్లు నడిపారు. ఊరి చుట్టూ కూరగాయల తోటలు పెంచారు. ఎడారి ఊరికి కూర తినిపించింది వాళ్లే. చైనా సంస్కరణవాది కాంగ్ యూవే 1906లో ఇక్కడికి వచ్చి స్థలాలు కొన్నాడు, తర్వాత బ్యాంకు, ట్రామ్ కంపెనీ మొదలయ్యాయి. 1911 మే 13 నుంచి 15 వరకు విప్లవ సైన్యం ఊరిని పట్టుకున్నప్పుడు సైనికులు, స్థానిక గుంపులు కలిసి దాదాపు 300 మంది చైనీయులను చంపేశారు. ఊళ్లో ఉన్న చైనీయుల్లో అది ఇంచుమించు సగం. చైనీయులే ముందు కాల్పులు జరిపారన్న ప్రచారం అబద్ధమని తర్వాతి విచారణలో తేలింది. మెక్సికో 31 లక్షల పెసోల పరిహారం ఒప్పుకుంది గానీ ఎన్నడూ చెల్లించలేదు. 110 ఏళ్ల తర్వాత, 2021 మేలో, అప్పటి అధ్యక్షుడు లోపెస్ ఒబ్రదోర్ తొర్రెయోన్‌కు వచ్చి దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. ఒక చైనీస్ డాక్టర్ తోట ఇంట్లో ఇప్పుడు విప్లవ మ్యూజియం నడుస్తోంది. విప్లవ సేనాని పాంచో వియా 1913లోను 1914లోను ఈ ఊరిని గెలిచిన సంగతులు అక్కడ చూడొచ్చు. ఆ గదుల్లో తిరిగేటప్పుడు ఆ ఇల్లు ఎవరిదో కూడా మనసులో పెట్టుకోవాలి.

నది ఎందుకు ఆగింది

1936 అక్టోబరులో అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ ఇక్కడి పెద్ద ఎస్టేట్లను విడగొట్టి 30 వేలకు పైగా రైతు కుటుంబాలకు ఉమ్మడి భూములుగా పంచాడు. మెక్సికో భూసంస్కరణల్లో ఇది చాలా పెద్ద ఘట్టం. అన్ని కుటుంబాలకు నీళ్లు ఇవ్వాలంటే ఎప్పుడొస్తుందో తెలియని వరదను నమ్ముకుంటే కుదరదు. అందుకే ఎల్ పల్మీతో దగ్గర పెద్ద డ్యామ్ కట్టారు. 1946లో పూర్తయింది, దానికి కార్దెనాస్ పేరే పెట్టారు. దిగువన ఫ్రాన్సిస్కో సార్కో అనే రెండో డ్యామ్ 1968లో వచ్చింది. అప్పటినుంచి నది నీళ్లు లెక్క ప్రకారం కాలువల్లో పారుతున్నాయి. నది మాత్రం ఊరి దగ్గర ఎండిపోయింది. మైరాన్ సరస్సు కూడా ఎండిపోయింది.

తర్వాత పత్తికి గిరాకీ తగ్గింది. రైతులు పాడి వైపు మళ్లారు. నేడు మెక్సికోలో పాల ఉత్పత్తికి ఈ ప్రాంతం ముందు వరసలో ఉంది. ఎడారిలో ఆవులను మేపాలంటే లూసర్న్ గడ్డి పెంచాలి, ఆ గడ్డికి ఏడాది పొడవునా నీళ్లు కావాలి. వాటి కోసం బోర్లు వేశారు. తోడేకొద్దీ లోతుకు పోయారు, లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఆర్సెనిక్ పెరిగింది. రాళ్లలో సహజంగా ఉండే విషం అది. దాని వల్ల జనానికి చర్మ వ్యాధులు రావడం 1960ల నుంచే నమోదైంది. ఇటీవలి సంవత్సరాల్లో డ్యామ్ నీళ్లను శుద్ధి చేసి ఊళ్లకు ఇచ్చే పెద్ద పథకం చేపట్టారు. టూరిస్టుకు ఇదంతా ఎందుకంటారా? రోడ్డుకు రెండు పక్కలా పచ్చగా మెరిసే గడ్డి చేలు కారు కిటికీలోంచి ముచ్చటగా ఉంటాయి. ఆ పచ్చదనం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి గదా.

ఇది అర్థమయ్యాక క్రీస్తు కొండ ఎక్కండి. ‘నోవా’ అనేది ఈ కొండల మీద పెరిగే కలబంద లాంటి చిన్న ఎడారి మొక్క. దాని పేరే కొండకు వచ్చింది, కొండ పేరు విగ్రహానికి వచ్చింది: క్రిస్తో దె లాస్ నోవాస్. దాదాపు 22 మీటర్ల విగ్రహం చేతులు చాచి ఊరిని చూస్తూ ఉంటుంది. 2017 చివర్లో నగర కేంద్రం నుంచి రోప్‌వే వేశారు. పైనుంచి చూస్తే ఊరు, అవతల దురాంగో రాష్ట్రంలోని గోమెస్ పలాసియో, వాటి మధ్య ఇసుక పట్టీలాగా నాసాస్ నది కనిపిస్తాయి. రెండు రాష్ట్రాల సరిహద్దు ఆ ఇసుకే. సాయంత్రం వెళ్తే మేలు, ఎండ తగ్గుతుంది, దీపాలు వెలుగుతాయి.

ఊరు దాటితే

వియెస్కా వైపు వెళ్తే బిల్బావో ఇసుక దిబ్బలు వస్తాయి. వీటిని చూసి ఇది ఎడారి గదా, ఇసుక ఉండటంలో వింతేముంది అనుకుంటారు. కానీ చివావా ఎడారిలో ఎక్కువ భాగం రాతి నేల, ముళ్ల పొదలు. ఇక్కడ ఇంత ఇసుక పోగుపడటానికి కారణం పాత సరస్సుల అడుగు. నీళ్లు పోయాక మిగిలిన మెత్తని పొడిని గాలి ఎత్తి ఇక్కడ కుప్ప పోసింది. పిల్లలు జారుడుబల్లలా జారి ఆడుకునే ఆ దిబ్బలు, పేరులో మాత్రమే మిగిలిందనుకున్న సరస్సుకు చెందినవే.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది లేర్దో పట్టణం దాటాక వచ్చే ఫెర్నాందెస్ లోయ. డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు కాలువల్లోకి మళ్లేలోపు నది ఇక్కడ ఇంకా నదిలాగే పారుతుంది. ఒడ్డున వందల ఏళ్ల అహుయెహుయేతె చెట్లు నీళ్లలో వేళ్లు పెట్టుకుని నిలబడి ఉంటాయి. అది మెక్సికో జాతీయ వృక్షం. 2008లో ఈ లోయకు రామ్‌సర్ చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. తొర్రెయోన్ దగ్గర నాసాస్ ఒకప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే ఇక్కడ ఒక పూట గడపాలి. తిరిగి వచ్చేటప్పుడు లేర్దోలో ఆగి ఐస్‌క్రీమ్ తినడం స్థానికుల అలవాటు.

మపిమీ పట్టణం పక్కన ఒహుయేలా వంతెన మాత్రం ఈ నీళ్ల కథలో ఇమడదు. అది వెండి, సీసం కథ. 19వ శతాబ్దం చివర్లో గనికి, ఊరికి మధ్య ఉన్న లోయ మీద తీగలతో వేలాడదీసిన వంతెన కట్టారు. పొడవు 300 మీటర్లకు పైనే, కింద లోయ దాదాపు 100 మీటర్ల లోతు. గని మూతపడింది, ఊరు పాడుబడింది, మొండిగోడలు మిగిలాయి. 1991లో వంతెనను బాగుచేసి జనాన్ని నడవనిస్తున్నారు. నడుస్తుంటే ఊగుతుంది, చెక్కల సందుల్లోంచి లోయ కనిపిస్తుంది. ఎత్తులంటే టెన్షన్ పడేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. గనిలో దొరికే అడమైట్ అనే పసుపు పచ్చని స్ఫటికాలకు ప్రపంచమంతటా ఖనిజాలు సేకరించేవాళ్లలో పేరుంది.

ఇంకా ఉత్తరానికి వెళ్తే ‘నిశ్శబ్ద మండలం’. అక్కడ రేడియోలు పనిచేయవని, దిక్సూచి పిచ్చిగా తిరుగుతుందని, గ్రహాంతరవాసులు దిగుతారని చెప్తారు. జరిగిందేమిటంటే, 1970 జులై 11న అమెరికాలోని యూటా నుంచి పరీక్షకు వదిలిన అథీనా క్షిపణి దారితప్పింది. న్యూ మెక్సికోలో పడాల్సింది సరిహద్దు దాటి ఈ ఎడారిలో పడింది. అందులో కొద్దిపాటి రేడియోధార్మిక కోబాల్ట్ ఉండటంతో అమెరికా బృందాలు వచ్చి శకలాలతో పాటు కలుషితమైన మట్టిని కూడా ఎత్తుకుపోయాయి. అంతకుముందు ఏడాదే పక్క రాష్ట్రం చివావాలో అయెందే ఉల్క పడి శాస్త్రవేత్తల దృష్టి ఇటు మళ్లింది. అపరిచితులు వచ్చి మట్టి తీసుకుపోతుంటే పల్లెల్లో కథలు పుట్టవా? పుట్టాయి, టూరిజం వాటిని పెంచింది. రేడియో నిజానికి అక్కడ పనిచేస్తుంది.

బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఆ కథల హోరులో అక్కడ ఉన్న నిజమైన అద్భుతం మరుగున పడుతోంది. ఆ నేల 1977 నుంచి యునెస్కో గుర్తించిన మపిమీ జీవావరణ రిజర్వు. ఉత్తర అమెరికాలోకెల్లా పెద్ద నేల తాబేలుకు అదే ఇల్లు. ఎండకు తట్టుకోలేక ఆ తాబేలు ఏడాదిలో ఎక్కువ కాలం తను తవ్వుకున్న బొరియలోనే ఉంటుంది. మాంసం కోసం వేటాడి దాన్ని దాదాపు అంతం చేశారు. స్థానిక పశుకాపరులను కలుపుకుని పరిశోధకులు దాన్ని కాపాడుకొచ్చారు. ఇక్కడికి వెళ్లేవాళ్లు రాళ్లు, శిలాజాలు జ్ఞాపికలుగా ఏరుకుపోతున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

రెండు రోజులు ఎక్కువ ఉంటే తూర్పున పర్రాస్‌కు వెళ్లొచ్చు. ఊటనీళ్ల పుణ్యమా అని ఎడారిలో ద్రాక్ష పండే ఊరు. 1597 నాటి కాసా మదేరో అమెరికా ఖండాల్లోనే పురాతనమైన వైన్ కర్మాగారం. విప్లవ నాయకుడు మదేరో పుట్టింది ఆ ఊళ్లోనే.

ఉత్తరాన దాదాపు 220 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్వాత్రో సియెనెగాస్ గురించి మాత్రం ఇంత తేలిగ్గా చెప్పి వదలలేను. ఎడారి మధ్యలో వందలకొద్దీ నీలి మడుగులు. ఇక్కడ తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని చేపలు, నత్తలు, నీళ్లలో బతికే ఒక డబ్బా తాబేలు. మడుగుల అడుగున స్ట్రొమటోలైట్లు. సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాళ్లివి. భూమి మీద జీవం మొదలైన కాలంలో ఇలాంటివే సముద్రాల నిండా ఉండేవి. అందుకే వలేరియా సోసా వంటి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఇక్కడ పనిచేస్తున్నారు, నాసా కూడా ఆసక్తి చూపింది. 1994లో రక్షిత ప్రాంతం చేశారు. అయినా లూసర్న్ గడ్డి కోసం కాలువలు తవ్వి నీళ్లు తీసుకెళ్తూనే ఉన్నారు. చుర్రీన్సే అనే మడుగుల వ్యవస్థ కళ్లముందే ఎండిపోయింది. మైరాన్‌కు పట్టిన గతే దానికీ పట్టింది. పోసా అజుల్ అనే నీలి మడుగును చెక్కల బాట మీది నుంచి చూడాలి, దిగకూడదు. ఈతకు అనుమతించిన చోట్లు వేరే ఉన్నాయి. అక్కడ కూడా ఒంటికి సన్‌స్క్రీన్ పూసుకుని దిగితే నీళ్లలోని జీవాలకు హాని. తెల్లటి జిప్సం దిబ్బలు కూడా దగ్గర్లోనే ఉన్నాయి.

ఎప్పుడు వెళ్లాలి, ఏం తినాలి

మే, జూన్ నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దుమ్ము తుఫానులు వస్తాయి. ఆ దుమ్ము కూడా చాలావరకు ఎండిన సరస్సులది, పొలాలది. అక్టోబరు నుంచి జనవరి వరకు హాయిగా తిరగొచ్చు. 2007 తర్వాత కొన్నేళ్లు ముఠాల హింసతో ఈ ఊరు నలిగిపోయింది, సాయంత్రమైతే నడిబొడ్డు ఖాళీ అయ్యేది. కాలువ తెరవడం, రోప్‌వే వేయడం ఆ రోజుల తర్వాత జనాన్ని మళ్లీ వీధుల్లోకి తెచ్చే ప్రయత్నాల్లో భాగమే. పరిస్థితి ఇప్పుడు చాలా మెరుగు. అయినా ఎడారి రోడ్ల మీద పగలే ప్రయాణించండి, మపిమీ రిజర్వుకు స్థానిక గైడ్ లేకుండా వెళ్లకండి.

అక్టోబరు చివర్లో సెయింట్ జూడ్ పండుగకు, డిసెంబరు 12న గ్వాదలూపె మాత పండుగకు ఉంటే ‘రెలీకియా’ దొరుకుతుంది. మొక్కు తీరినవాళ్లు ఎర్ర మిరప కారంతో వండిన పంది కూర, ఏడు రకాల పాస్తా కలిపి పెద్ద గుండిగల్లో వండి, వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పెడతారు. మన అన్నదానం లాంటిదే. గిన్నె పట్టుకుని వరసలో నిలబడితే చాలు, ఎవరు నువ్వని అడగరు.

ఇక నాసాస్ సంగతి. డ్యాములు నిండి గేట్లు ఎత్తక తప్పని ఏడాది నీళ్లు మళ్లీ ఊరిదాకా వస్తాయి. 2008లో వచ్చాయి, 2016లో వచ్చాయి. అలా వచ్చినప్పుడు పెద్దవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్లి, ఇదే మన నది అని చూపించుకున్నారు. మిగతా ఏళ్లలో వంతెన మీద నిలబడి చూస్తే కింద ఇసుక, అక్కడక్కడా తుమ్మలాంటి పొదలు, ఆ ఇసుకలో గోల్‌పోస్టులు పాతుకుని ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు.